శాస్త్రవేత్తల ఫొటోలు: లండన్ స్టూడియోవి మేలా, కామెరాన్ తీసినవి మేలా?

విక్టోరియా కాలపు శాస్త్రవేత్తల్ని చూడాలంటే రెండు దారులు. ఒకటి మాల్ అండ్ పాలిబ్లాంక్ లాంటి లండన్ స్టూడియోల ఫొటోలు, రెండోది జూలియా మార్గరెట్ కామెరాన్ తీసినవి. చార్లెస్ డార్విన్ రెండు చోట్లా కూర్చున్నాడు కాబట్టి ఆయన మాటతోనే మొదలుపెడదాం.

1855లో స్టూడియో ఫొటో చూసుకుని, నా ముఖం నిజంగా ఇంత ఘోరంగా ఉంటే నాకు ఒక్క స్నేహితుడైనా ఉండటం ఆశ్చర్యమేనని తన స్నేహితుడు, వృక్షశాస్త్రవేత్త హుకర్‌కి ఉత్తరం రాశాడు. 1868లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో కామెరాన్ తీసిన దాన్ని మాత్రం, ఇంతవరకు తీసిన అన్నిటికంటే ఇదే చాలా నచ్చిందని మెచ్చుకున్నాడు. అయితే ఈ తీర్పును పూర్తిగా నమ్మలేం. మధ్యలో 13 ఏళ్లు గడిచాయి, గుబురు గడ్డం వచ్చింది. పైగా తన ఫొటో తనకు నచ్చడం వేరు, అది మంచి ఫొటో కావడం వేరు.

పద్ధతి ఇద్దరిదీ ఒకటే. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరేలోపు ఫొటో తీసి డెవలప్ చేయాలి. తేడా అంతా వెలుతురులో, ఓపికలో ఉంది. స్టూడియోలో గాజు పైకప్పు నుంచి వెలుతురు పుష్కలం, తల కదలకుండా వెనక ఇనప స్టాండు. అందుకే కోటు గుండీల దాకా అన్నీ స్పష్టంగా పడతాయి, మనిషి మాత్రం బిగుసుకుపోతాడు. కామెరాన్ వెలుతురు తగ్గించి, పెద్ద పలక మీద, నిమిషాల తరబడి కూర్చోబెట్టేది. కొంచెం కదిలినా ఒప్పుకునేది.

ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌ని 1867లో కెంట్‌లోని ఆయన ఇంట్లో ఆమె తీసిన ఫొటో చూడండి. ఒంటికి నల్లటి బట్ట, చీకట్లోంచి బయటికొచ్చిన ముఖం, చెదిరిన తెల్లజుట్టు. ఫొటో కోసం ఆ జుట్టును తలస్నానం చేయించి మరీ రేపారట. నీళ్లు నిండినట్టున్న ఆ కళ్ల కింద ప్రతి ముడతా తెలుస్తుంది. వెండి లవణాలను హైపో అనే రసాయనం కరిగిస్తుందని 1819లోనే కనిపెట్టింది ఈయనే. ఫొటో మాసిపోకుండా నిలవడానికి దారి చూపిన మనిషి, ఫొటోలో ఇలా నిలిచాడు! ఇంత గొప్ప ముఖచిత్రం ఆ కాలపు స్టూడియోల్లో నాకు ఎక్కడా దొరకలేదు.

కానీ ఫారడే దగ్గరికొస్తే నా ఓటు మారుతుంది. మాల్ అండ్ పాలిబ్లాంక్ ఫొటోలో ఆయన చేతిలో ఒక గాజు కడ్డీ ఉంటుంది. అయస్కాంతం కాంతి మీద ప్రభావం చూపుతుందని 1845లో నిరూపించింది అలాంటి కడ్డీతోనే. ముఖం తప్ప మిగతాదంతా చీకట్లో కలిపేసే కామెరాన్ పద్ధతిలో ఆ కడ్డీ మనదాకా వచ్చేది కాదేమో.

అందుకే పిల్లల పాఠ్యపుస్తకంలో వేయాలంటే స్టూడియో ఫొటోనే అడుగుతాను, చేసిన పని కనిపిస్తుంది కాబట్టి. ఒక్క ఫొటోకే గోడ మీద చోటుంటే మాత్రం, హెర్షెల్‌నే తగిలిస్తాను.