బార్సిలోనాలో ఎక్కి మయామిలో దిగాం

యూరప్‌లో వేసవి ముగియగానే మధ్యధరా సముద్రంలో తిరిగే క్రూజ్ ఓడలు చాలావరకు చలికాలం సీజన్‌కి కరీబియన్ వైపు తరలిపోతాయి. ఎలాగూ వెళ్లాల్సిన ఓడే కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో ఆ ఒకవైపు ప్రయాణం టికెట్లు తరచూ చవగ్గా దొరుకుతాయి. అలాంటి ఓడలోనే మా ఆవిడా నేనూ వెళ్లొచ్చాం.

ఓడ టికెట్ చవకే, హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లకి మిగతా ఖర్చే ఎక్కువ. యూరప్‌కి షెంగెన్ వీసా, అమెరికా వీసా రెండూ కావాలి. అమెరికా వీసా చేతిలో లేకపోతే ముందు నానక్‌రాంగూడ కాన్సులేట్ పని తేల్చుకుని, తర్వాతే ఓడ మాట ఎత్తండి. విమానానికి రెండు వన్‌వేలు కొనకుండా ఒక ఊళ్లో దిగి మరో ఊరి నుంచి తిరిగొచ్చే మల్టీసిటీ టికెట్ చూస్తే మాకు బాగా తగ్గింది. ఓడలో టిప్పుల పేరుతో మనిషికి రోజుకింతని వేస్తారు, వైఫైకి వేరే.

బార్సిలోనాలో రాంబ్లా అనే వీధి దగ్గర హోటల్ తీసుకున్నాం. అగ్గిపెట్టెంత గది, తెల్లవార్లూ వీధి గోల. ఒక్కటే సుఖం, కొలంబస్ స్తంభం దగ్గర నుంచి ఓడ టెర్మినళ్లకు బస్సు ఉంది.

దారిలో ఓడ ఆగిన కానరీ దీవుల్లోని టెనెరిఫేలో ఓడవాళ్ల టూర్ తీసుకోకుండా ట్రామ్ ఎక్కి లా లగునా వెళ్లాం. 1999లో యునెస్కో జాబితాకెక్కిన పాత ఊరు. 3,715 మీటర్ల తేయ్‌దే పర్వతం చూడాలంటే మాత్రం బస్సులో చాలాసేపు కూర్చోవాలి.

ఆ తర్వాత దాదాపు వారం నీళ్లే. బోరు కొడుతుందని మా అబ్బాయి ముందే భయపెట్టాడు గానీ, నాకైతే ఆ రోజులే నచ్చాయి. పడమటికి వెళ్తాం కాబట్టి కొన్ని రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అంటే ఆ రోజుకి 25 గంటలు. నిద్రకి లోటుండదు, జెట్‌లాగ్ ఊసే లేదు. ఈ దక్షిణపు దారిలో వాణిజ్య పవనాలు ఎక్కువగా వెనక నుంచే వీస్తాయి. 1492లో కొలంబస్ కూడా కానరీ దీవుల నుంచి వీటినే నమ్ముకుని వెళ్లాడు. బాల్కనీ తీసుకుంటే ఎడమవైపు అడగండి, దక్షిణపు ఎండ అటే పడుతుంది. ఊగుడు పడనివాళ్లకి ఓడ మధ్యలో, కింది డెక్కు మేలు.

శాకాహారులకి పప్పూ అన్నం దొరికాయి, కారం మాత్రం లేదు. కందిపొడి ప్యాకెట్టే ఆదుకుంది.

మయామిలో దిగే రోజు ఇమిగ్రేషన్ క్యూ పొడుగ్గా ఉంటుంది. పొద్దుటి విమానం మాత్రం బుక్ చేయకండి.