హనుమకొండలో ల్యాప్‌టాప్ రిపేర్: బ్లూ స్క్రీన్‌తో ఆగమైన నాకు దొరికిన షాపు

షాపు పేరు రాద్దామనే అనుకున్నా కానీ షాపు నడిపే అన్నే వద్దన్నాడు. "ఒక్కణ్నే చేస్తున్న తమ్మీ, ఉన్నయే అయితలెవ్వు, నువ్వు పేరు పెడితే నేనెటు పోవాలె?" అన్నాడు. అందుకని గుర్తులు మాత్రమే చెప్తా. హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ వైపు వస్తుంటే ఒక జిరాక్స్ సెంటర్ ఉంటుంది, దాని పైన మొదటి అంతస్తు. ఆ రోడ్డులో జిరాక్స్ సెంటర్లు ఎన్ని ఉంటాయో తెలిసినవాళ్లు నవ్వుకుంటారు గానీ, మెట్ల దగ్గర మేకుకు ఒక పాత కీబోర్డు వేలాడుతూ ఉంటుంది చూడండి, బోర్డు అదే.

నా పని పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్. ఫోటోగ్రాఫర్లు సెలెక్షన్ ఫోటోలు ఇచ్చిపోతారు, నేను ఇంట్లో కూర్చుని ఫోటోషాప్‌లో షీట్లు చేసి ల్యాబ్‌కు పంపిస్తా. 2025 ఏప్రిల్‌లో, లగ్గాల సీజన్ నడుస్తుండగా, ఒక అప్పగింతల షీటు మీద ఉన్నా. పెళ్లికూతురు తల్లి భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది, ఆ తల్లి గాజుల చుట్టూ జాగ్రత్తగా కటౌట్ గీస్తున్నా. అంతలో స్క్రీన్ మొత్తం నీలం అయిపోయి, దాని మీద ఇంకో ఏడుపు ముఖం ప్రత్యక్షమైంది. విండోస్ క్రాష్ అయితే వచ్చే బ్లూ స్క్రీన్ అదే. సేవ్ చేసి గంట దాటింది. ఆ గంట పని పోయింది.

ఒక్కసారైతే ఊరుకునేవాణ్ని. ఆ తర్వాత రోజుకు ఒకటి, ఒక్కోరోజు మూడు. విచిత్రం ఏంటంటే పాటలు పెట్టుకున్నా, యూట్యూబ్ చూసినా ఏమీ కాదు, ఆల్బమ్ తెరిచి ఇరవై షీట్లు దాటిందా, నీలం. మా బావమరిది అయితే "అప్పుడు విమానాలు ఆగిపోయినయ్ గదా బావా, ఆ వైరస్సే ఇది" అని తేల్చేశాడు. 2024 జూలై 19న జరిగినదాని గురించి ఆయన మాట. అది వైరస్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్, దాంతో ప్రపంచం మొత్తం మీద 85 లక్షల కంప్యూటర్లు పడుకున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఉంటుంది గానీ మా వంటింటి పక్క గదిలో ఎందుకుంటుంది? చెప్తే వినడు.

మొదట ఒక షాపుకు తీసుకుపోయా. చూడకుండానే "విండోస్ కరప్ట్ అయింది" అని ఫార్మాట్ చేసి 500 తీసుకున్నారు. నా తెలుగు ఫాంట్లు, యాక్షన్లు, బ్రష్‌లు అన్నీ పోయాయి, వాటిని మళ్లీ ఎక్కించుకోవడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు మళ్లీ నీలం. ఇక లాభం లేదని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోతే, వారంటీ అయిపోయి రెండు నెలలైందని ముందుగా సంతాపం తెలిపి, అరగంట తర్వాత మదర్‌బోర్డు మార్చాలి, 18,500 అవుతుందన్నారు. ఎందుకు మార్చాలి అనడిగితే "బోర్డు ఇష్యూ సార్" అన్నారు. బోర్డు ఎందుకు పోయిందంటే "ఇష్యూ ఉంది సార్". ఇంతే. నేను సంతకం పెట్టకుండా ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చుకున్నా, అది నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని.

ఒక ఫోటోగ్రాఫర్ చెప్తే ఈ మెట్లెక్కా. మే నెల, మధ్యాహ్నం, పైన రేకులు. కూర్చోవడానికి ఒక్క స్టూలు, దాని మీద కూడా ప్రింటర్ ఉంది. అన్న ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు, ముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పుడొస్తుంది, ఏం చేస్తుంటే వస్తుంది, చార్జింగ్ పెట్టినప్పుడా పెట్టనప్పుడా, కింద ఏముంటుంది, టేబులా పరుపా? ఇందులో కొత్తగా ఏం మార్చినవ్? ఏం మార్చలేదన్నా అని గట్టిగానే చెప్పా.

అప్పుడు తెరిచి, సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అని ఇంకో ఫోల్డర్ ఉంటే దాంట్లోకి పోయాడు. క్రాష్ అయిన ప్రతిసారీ విండోస్ అక్కడ ఒక చిన్న ఫైలు రాసిపెడుతుందట, చచ్చేముందు వాంగ్మూలం లాంటిదన్నమాట. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వాటిని చదివాడు. ఐదు ఫైళ్లున్నాయి. ఫార్మాట్ చేయకపోయి ఉంటే ఇరవై ఉండేవని, మొదటి షాపువాడు సాక్ష్యం మొత్తం తుడిచేశాడని కాసేపు తిట్టాడు. ఐదింటిలో నాలుగు రకాల ఎర్రర్ కోడ్‌లు. ఒకదానికి మెమరీ మేనేజ్‌మెంట్, ఒకదానికి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, రెండింటికి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, ఇంకోటి కెర్నల్ సెక్యూరిటీ చెక్ ఫెయిల్యూర్. ప్రతిసారీ ఒకే డ్రైవర్ (ఒక్కో పార్టును నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) పేరు వస్తే ఆ డ్రైవర్‌ను పట్టుకోవాలి, ఇట్లా రోజుకో పాట పాడుతుంటే ముందు ర్యామ్ మీద, అంటే పని నడుస్తున్నంతసేపు మిషన్ అన్నీ పెట్టుకునే మెమరీ మీద అనుమానపడాలి అన్నాడు.

నేను కూడా ఇంట్లో కొంత వెతుక్కుని పోయా కాబట్టి, అన్నిట్లోనూ ఎన్‌టీఓఎస్‌కర్నల్ అనే ఫైలే కనిపిస్తోంది కదా, దాన్ని మార్చితే సరిపోదా అన్నా. నవ్వాడు. అది విండోస్ గుండెకాయ, ఏది పాడైనా మిషన్‌ను ఆపేది అదే, అందుకే దాని పేరు పడుతుంది. "గొడవైతున్న ఇంటికి పెద్దమనిషి పోయి ఆపిండనుకో, గొడవ పెట్టిందే పెద్దమనిషి అంటే ఎట్ల తమ్మీ?"

విండోస్‌లో వచ్చే మెమరీ పరీక్ష నేను ముందే చేశా, ఏ దోషం లేదని చెప్పింది. ఆ పరీక్ష పాసైనంత మాత్రాన నమ్మొద్దని, పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ఇంకో మెమరీ పరీక్ష పెట్టి రాత్రంతా వదిలేయాలన్నాడు. వదిలిపెట్టి వచ్చా. పొద్దున పోయేసరికి స్క్రీన్ మీద ఎర్ర గీతలు వరసగా దిగి ఉన్నాయి, ఒక్కో గీత ఒక్కో తప్పు.

అప్పుడు వెనక మూత విప్పాడు. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పక్కన ఒక్క స్లాటు. ఆ స్లాటులో ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్. దాని మీది లేబుల్ వేరే కంపెనీది, ఒక మూల చిరిగి జిగురుకు దుమ్ము పట్టి ఉంది. అన్న దాన్ని వేలితో తట్టి నా మొహం చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. జనవరిలో ఆన్‌లైన్‌లో ఎవరో వాడినది అమ్ముతుంటే సగం ధరకు కొని, వీడియో చూసి నేనే పెట్టుకున్నా. రెండు నెలలు బాగానే నడిచింది కాబట్టి పూర్తిగా మర్చిపోయా. ఏం మార్చలేదన్నది కూడా అబద్ధం అనుకుని చెప్పలేదు, నిజంగానే గుర్తులేదు. "గందుకే మళ్ల మళ్ల అడుగుత" అన్నాడు, అంతకు మించి ఏమీ అనలేదు, నాకు అదే చాలా సిగ్గనిపించింది.

ఈ అన్న మీద నమ్మకం కుదిరింది మాత్రం తర్వాత చేసిన పనితో. స్టిక్ దొరికింది కదా అని వెంటనే కొత్తది అమ్మలేదు. ముందు దాని కాళ్లను పిల్లల రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టి పరీక్ష నడిపాడు, ఒక్కోసారి కాంటాక్ట్ సరిగా తగలక కూడా ఇట్లా అవుతుందట. మళ్లీ ఎరుపు. స్టిక్ తీసేసి బోర్డులో ఉన్న 8 జీబీతోనే రాత్రంతా నడిపాడు, ఒక్క తప్పూ లేదు. అంటే బోర్డు మంచిదే, 18,500 మాట అక్కడితో పోయింది. ఆఖరికి ఆ స్టిక్‌ను తన పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించాడు, పావుగంటలో అక్కడా ఎర్ర గీతలు. స్లాటు దోషం కాదు, స్టిక్‌దే అని నా కళ్లెదుటే తేలింది. ఆల్బమ్ చేసేటప్పుడే ఎందుకు వచ్చేదో కూడా అప్పుడు అర్థమైంది. ర్యామ్ నిండేకొద్దీ ఆ చెడిపోయిన చోటు వాడకంలోకి వస్తుంది, పాటలు వినడానికి అంత దూరం పోవాల్సిన పని లేదు.

బిల్లు: కొత్త 8 జీబీ ర్యామ్ 1,900, పరీక్షలకు 600, మొత్తం 2,500. ర్యామ్ ధరలు ఆ తర్వాత మండిపోయాయి కాబట్టి ఇప్పుడు అదే రేటు అడగకండి, ఆయన మీద కోపం తెచ్చుకోకండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నాలుగు రోజులు పట్టింది, సీజన్‌లో నాలుగు రోజులంటే నాకు రెండు ఆల్బమ్‌లు. ఫోన్ ఎత్తడు, ఎత్తితే "నడుస్తుంది" అని పెట్టేస్తాడు. కాగితం మీద రాసిన చీటీ తప్ప బిల్లు ఉండదు, ఆఫీసు లెక్కలకు పనికిరాదు. మొదట నేను ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు మీ ఫైళ్లకు కాపీ ఉందా అని అడిగి, లేదంటే తీసుకోనన్నాడు, నేను ఎండలో ఇంటికి పోయి హార్డ్ డిస్కులో కాపీ చేసుకుని మళ్లీ వచ్చా. అప్పుడు చిరాకేసింది గానీ అది లోపం కిందికి రాదేమో.

ఎనిమిది నెలలవుతోంది, ఒక్కసారీ రాలేదు. అయినా ఇరవై షీట్లు దాటగానే వేలు దానంతటదే సేవ్ మీదికి పోతుంది. ఈలోపు విండోస్ 11లో ఆ స్క్రీన్‌ను నల్లగా మార్చి ఏడుపు ముఖాన్ని కూడా తీసేశారు, నాకు చూసే భాగ్యం కలగలేదు, వద్దు కూడా.

పోయేవాళ్లు చార్జర్ వెంట తీసుకుపోండి, ఆయన దగ్గర అన్ని పిన్నులూ ఉండవు. క్రాష్ అయినప్పుడు స్క్రీన్ మీది కోడ్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఒంటిగంట నుంచి మూడు దాకా తాళం ఉంటుంది, అన్నానికి పోతాడు. నా పాత స్టిక్ మాత్రం ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది, సర్వీస్ సెంటర్ నుంచి "బోర్డు ఇష్యూ" అని వచ్చినవాళ్లకు దాన్ని చూపించి మాట్లాడుతున్నాడు.