ఢిల్లీలో ముందు మ్యూజియం, ఆ తర్వాతే కోట

తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీ చూడటానికి వెళ్లే కుటుంబాల్లో చాలామంది, దిగిన హోటల్లోనే ఎవరో ఏజెంటుతో ఒకరోజు ప్యాకేజీ మాట్లాడుకుని, పొద్దున బస్సెక్కి రాత్రికి దిగి, ఢిల్లీ అయిపోయిందనుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ల మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని మేమూ మొదటిరోజు అలాంటి బస్సే ఎక్కాం. మిగిలిన రోజులు మెట్రో, ఆటోల్లో సొంతంగా తిరిగాం. రెండు పద్ధతుల్లోనూ చూశాం కాబట్టి, ఢిల్లీలో ఏది ఎంతసేపు చూడదగ్గదో, ఏ వరుసలో చూస్తే ఆ కట్టడాలు మనకు అర్థమవుతాయో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ బస్సు సంగతి. కరపత్రంలో ఎర్రకోట, రాజ్‌ఘాట్, ఇండియా గేట్, బిర్లా మందిర్, లోటస్ టెంపుల్, కుతుబ్ మీనార్ అన్నీ ఉన్నాయి. ఎర్రకోటకు గంట కూడా ఇవ్వలేదు. అందులో సగం టికెట్టుకీ, భద్రతా తనిఖీ వరుసకీ సరిపోయింది. దారిలో ఒక శాలువాల దుకాణం దగ్గర మాత్రం బస్సు ఎంతో తీరుబడిగా ఆగింది. మ్యూజియం అన్న మాట ఆ కరపత్రంలో ఒక్కచోట కూడా లేదు. ఇండియా గేట్, రాజ్‌ఘాట్ వంటి చోట్లకు, నడవలేని పెద్దవాళ్లకు ఈ బస్సు కొంత ఉపయోగమే గానీ, ఢిల్లీ చరిత్ర తెలుసుకోవాలని వెళ్లేవారు దీనిమీద డబ్బు పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నా సమాధానం జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియం. 1949 ఆగస్టు 15న రాష్ట్రపతి భవన్‌లో ప్రారంభమై, 1960లో ఇప్పుడున్న భవనంలోకి వచ్చిన ఈ మ్యూజియంలో రెండు లక్షలకు పైగా వస్తువులున్నాయి. భారతీయులకు టికెట్టు 20 రూపాయలు. ఆ ధరకు దేశంలో ఇంతకంటే విలువైనదేదీ దొరకదని నిస్సంకోచంగా చెప్పగలను. కనీసం సగం రోజు దీనికి కేటాయించండి.

హరప్పా గ్యాలరీలో అందరూ వెతికేది మొహెంజొదారో నర్తకి బొమ్మనే. పాఠ్యపుస్తకంలో పేజీ నిండా చూసి చూసి అది నిలువెత్తు విగ్రహమని అనుకునేవారుంటారు. నిజానికి దాని ఎత్తు 10.5 సెంటీమీటర్లే, అరచేతిలో పట్టేంత. అద్దానికి బాగా దగ్గరగా నిలబడి చూడండి. కుడిచెయ్యి నడుముమీద ఉంటుంది, దానికి నాలుగే గాజులు. ఎడమచేతికి మాత్రం భుజం దగ్గర నుంచి మణికట్టు దాకా ఖాళీ లేకుండా గాజులే. లంబాడీ అవ్వల చేతులు చూసి పెరిగిన తెలంగాణవాళ్లకు ఆ చెయ్యి ఎంతమాత్రం కొత్తగా అనిపించదు. జుట్టు వెనక్కి చుట్టిన ముడి, కొద్దిగా పైకెత్తిన గడ్డం, అరికాళ్లు విరిగిపోయిన కాళ్లు, ఇవన్నీ ఫొటోలో కంటే ఎదురుగా చూసినప్పుడే స్పష్టంగా తెలుస్తాయి. మైనంతో బొమ్మ చేసి, దానిమీద మట్టి పూసి, మైనాన్ని కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతిలో దీన్ని చేశారు. ఆదిలాబాదు జిల్లాలో ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు చేసేది ఈనాటికీ ఆ పద్ధతిలోనే. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పనితనం మన ఊళ్లలో బతికే ఉందన్న సంగతి పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

తెలుగువాళ్లు తప్పకుండా ఆగవలసిన మరొక చోటు నాగార్జునకొండ శిల్పాలున్న భాగం. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోకముందే, 1954 నుంచి 1960 వరకు ఆ లోయను పురావస్తు శాఖ తవ్వింది. దొరికిన వాటిలో ఎక్కువ భాగం కొండమీది మ్యూజియంలోనే ఉన్నా, కొన్ని ఇక్కడికి చేరాయి. ఇక్ష్వాకుల కాలం నాటి ఆ పాలిపోయిన ఆకుపచ్చ సున్నపురాయిమీద బుద్ధుని కథలు, జాతక కథలు వరుసగా చెక్కి, ఒక్కొక్క ఘట్టానికీ మధ్య ఒక ప్రేమజంటను నిలబెట్టారు. తొందరపడేవారికి అది ఒక గుంపుగానే కనిపిస్తుంది. కొంచెం ఓపికగా ఒక చివర నుంచి మొదలుపెడితే, జంట వచ్చిన ప్రతిచోటా కథలో ఒక అంకం ముగిసిందని తెలిసి, రాయి చదవడం వచ్చేస్తుంది. చోళుల కంచు విగ్రహాలు, తంజావూరు చిత్రాలు, రాఖీగఢీలో దొరికిన అస్థిపంజరం కూడా చూడదగ్గవే గానీ, సమయం చాలకపోతే వాటిని తగ్గించుకుని నాగార్జునకొండ దగ్గరే ఇంకొంచెం నిలబడమంటాను. ఈ మ్యూజియాన్ని నార్త్, సౌత్ బ్లాకుల్లో ఏర్పాటు చేయబోయే 'యుగే యుగీన్ భారత్' సంగ్రహాలయంలోకి తరలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి, వెళ్లేముందు ఏ గ్యాలరీలు తెరిచి ఉన్నాయో ఒకసారి చూసుకోవడం మంచిది.

మ్యూజియం చూసిన కళ్లతో కుతుబ్ ప్రాంగణానికి వెళితే అక్కడి స్తంభాలు వేరుగా కనిపిస్తాయి. 72.5 మీటర్ల మీనారును కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టగా ఇల్తుత్‌మిష్ పైకి లేపాడు. పిడుగుపడి దెబ్బతిన్న పై అంతస్తులను ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించాడు. 1981లో లోపలి మెట్లమీద జరిగిన తొక్కిసలాట తర్వాత సందర్శకులను పైకి పంపడం మానేశారు. అందరూ మీనారును ఫొటో తీసుకుని వెళ్లిపోతారు గానీ, పక్కనే ఉన్న మసీదు మంటపంలో ఆలయాల నుంచి తెచ్చి నిలిపిన స్తంభాలమీద గొలుసులకు వేలాడే గంటలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి; వేలు పెట్టి చూపించగలిగేంత దగ్గరగా ఉంటాయి. ఆ మంటపం ముందున్న ఇనుప స్తంభం 7 మీటర్లకు పైగా ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు. దానిమీద బ్రాహ్మీ లిపిలో ఉన్న సంస్కృత శాసనంలోని 'చంద్ర' అన్న రాజు గుప్త చక్రవర్తి రెండవ చంద్రగుప్తుడేనని పండితులు చెబుతారు. ఇనుములో భాస్వరం పాలు ఎక్కువగా ఉండటం వల్ల పైన ఏర్పడిన పలుచని పొర పదహారు వందల ఏళ్లుగా దాన్ని తుప్పు నుంచి కాపాడుతోంది.

తెలుగు చరిత్ర చదివినవారు ఇక్కడ ఇంకొక కట్టడం దగ్గర ఆగాలి. అలావుద్దీన్ ఖిల్జీ కట్టించిన అలాయి దర్వాజా 1311 నాటిది. ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటను ముట్టడించి, కాకతీయ ప్రతాపరుద్రుని దగ్గర అపారమైన కప్పం పట్టుకుని ఢిల్లీకి తిరిగివచ్చింది సరిగ్గా దానికి ముందు సంవత్సరమే. ఎర్రరాయి, తెల్ల పాలరాయి కలిపి అంత నాజూకుగా కట్టిన ఆ ద్వారాన్ని చూస్తున్నప్పుడు, అదే కాలంలో మన నేలమీద ఏం జరుగుతోందో తెలిసి చూడటానికీ తెలియక చూడటానికీ చాలా తేడా ఉంది. ఆసక్తి ఉన్నవారు తుగ్లకాబాదు కోటకు కూడా వెళ్లాలి. ఏ ప్యాకేజీ బస్సూ అక్కడికి వెళ్లదు. దాన్ని కట్టించిన గియాసుద్దీన్ తుగ్లక్ హయాంలోనే, 1323లో, ఓరుగల్లు పతనమైంది. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చెబుతుంది. ఆ ఏటవాలు గోడలు, ముళ్లపొదలు నిండిన లోపలి శిథిలాలు అందంగా ఏమీ ఉండవు. నీడ తక్కువ, మంచినీళ్లు మనమే తీసుకువెళ్లాలి. అయినా వరంగల్లు కోట చూసినవారికి ఈ కోట చూడకపోతే సగం కథ మిగిలిపోతుంది.

ఈ ప్రయాణం మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది హుమాయూన్ సమాధి, దాని ప్రాంగణంలోని కొత్త మ్యూజియం. హుమాయూన్ భార్య బేగా బేగం కట్టించిన ఈ సమాధి సుమారు 1570 నాటికి పూర్తయింది. తాజ్‌మహల్‌కు దారి చూపిన కట్టడం ఇదే: ఎత్తైన అరుగు, నాలుగు భాగాల తోట, మధ్యలో సన్నని నీటికాలువలు, పైన రెండు పొరల గుమ్మటం. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, పురావస్తు శాఖ కలిసి ఏళ్ల తరబడి చేసిన పునరుద్ధరణ వల్లే ఇది ఇంత శుభ్రంగా కనిపిస్తోంది. ఇరవయ్యో శతాబ్దంలో పైకప్పుమీద పోసిన సిమెంటు కాంక్రీటునే దాదాపు పది లక్షల కిలోలు తొలగించారంటే ఆ పని ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. చాలామంది సరిగా చూడకుండా తొందరగా దాటిపోయే ఈసా ఖాన్ సమాధి దగ్గర కూడా ఓ పది నిమిషాలు ఆగండి. 1547 నాటి ఆ ఎనిమిది మూలల కట్టడం హుమాయూన్ సమాధికంటే పాతది.

2024 జులైలో తెరిచిన మ్యూజియాన్ని పాత దిగుడుబావుల పద్ధతిలో భూమి లోపలికి కట్టారు. అందువల్ల పైనున్న తోటలకు, గుమ్మటాలకు అది ఎక్కడా అడ్డు రాదు. ఏటవాలు బాటలో కిందికి దిగుతుంటే వేడి తగ్గుతుంది; చక్రాల కుర్చీలో ఉన్నవారికీ దిగడం తేలికే. 2014 గాలివానలో గుమ్మటం మీది నుంచి విరిగిపడిన అసలు కలశాన్ని ఇక్కడ నిలబెట్టారు. కింద నుంచి చూసినప్పుడు సూదిమొనలా కనిపించే ఆ కలశం 18 అడుగులదని దాని పక్కన నిలబడితే గానీ మనకు తెలియదు. ఒక్క హుమాయూన్ గురించే కాకుండా, సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా, కవులు అమీర్ ఖుస్రో, రహీం, షాజహాన్ కొడుకు దారా షికో వంటివారి గురించి కూడా గ్యాలరీలు ఉండటంతో, ఆ చుట్టుపక్కల వీధులన్నీ ఎందుకు అలా ఉన్నాయో కథలా అర్థమవుతుంది. మ్యూజియం ముందు, సమాధి తర్వాత అన్న నా వాదనకు ఢిల్లీలో దీన్ని మించిన రుజువు లేదు. సాయంత్రం మిగిలితే పక్కనే ఉన్న సుందర్ నర్సరీలో కూర్చోవచ్చు.

ఎర్రకోటకు వెళ్లేముందు ఒక విషయం తెలుసుకుని వెళితే నిరాశ ఉండదు. 1648లో షాజహాన్ పూర్తిచేసిన రాజప్రాసాదాల్లో ఎక్కువ భాగం 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషువాళ్లు కూల్చేసి, సైనిక బ్యారక్‌లు కట్టారు. అందుకే లోపల విశాలమైన పచ్చిక, అక్కడక్కడా విడిగా నిలిచిన మంటపాలు కనిపిస్తాయి. దివాన్-ఇ-ఖాస్‌లో ఉన్న నెమలి సింహాసనాన్ని 1739లో పర్షియా రాజు నాదిర్ షా ఎత్తుకుపోయాడు. ఆ దోపిడీలో పోయిన కోహినూరు పల్నాటి కృష్ణాతీరాన కొల్లూరు గనిలో దొరికిందన్నది ఎక్కువమంది అంగీకరించే మాట. ఆ ప్రాంతం ఇప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది. బ్యారక్‌లలోని మ్యూజియంలు మాత్రం కోటకంటే నిండుగా ఉన్నాయి. 2019లో తెరిచిన నేతాజీ మ్యూజియంలో ఆజాద్ హింద్ ఫౌజు యూనిఫాంలు, పత్రాలు చూసి బయటికి వస్తే, 1945 నవంబరులో ఆ ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, సహగల్, ధిల్లాన్‌ల విచారణ జరిగింది ఈ కోటలోనే అన్న స్పృహ కలుగుతుంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పాతకాలపు ఖగోళ పరిశీలనశాల జంతర్ మంతర్‌ను ఎండ ఉన్న సమయంలోనే చూడాలి, నీడ లేకపోతే ఆ యంత్రాలు పనిచేసే తీరు కనిపించదు. తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయంలో పి.వి. నరసింహారావు హయాం గురించిన భాగాన్ని, 1991 ఆర్థిక సంస్కరణలు గుర్తున్న పెద్దవాళ్లు వదిలిపెట్టలేరు. గాంధీ స్మృతికి ప్రవేశం ఉచితం. గాంధీజీ చివరి 144 రోజులు గడిపిన ఇల్లు అది. 1948 జనవరి 30న ఆయన ప్రార్థనకు నడిచివెళ్లిన దారిని సిమెంటు పాదాలతో గుర్తుపెట్టారు. రాజ్‌ఘాట్, గాంధీ స్మృతుల్లో ఒకదానికే సమయం ఉంటే గాంధీ స్మృతికే వెళ్లమంటాను. పిల్లలుంటే చాణక్యపురిలోని రైలు మ్యూజియం వాళ్లకు బహుమతి వంటిది. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజన్ ఒకప్పుడు అక్కడే ఉండేది.

భోజనానికి ఇబ్బంది లేదు. అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పు, పచ్చడి, పొడి, నెయ్యితో అడిగినంత వడ్డిస్తారు. మధ్యాహ్నం రద్దీ ఎక్కువ కాబట్టి ఇండియా గేట్ చూసి కొంచెం ముందుగా వెళ్లడం మంచిది. కాలం విషయానికి వస్తే ఫిబ్రవరి, మార్చి నెలలు అన్నివిధాలా అనుకూలం. నవంబరులో గాలి బాగుండదు, డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు వల్ల రైళ్లు, విమానాలు ఆలస్యమవుతాయి, గణతంత్ర దినోత్సవం దగ్గరపడితే కర్తవ్య పథ్ చుట్టూ దారులు మూసేస్తారు. నేషనల్ మ్యూజియం, ఎర్రకోట, ప్రధానమంత్రి సంగ్రహాలయం, గాంధీ స్మృతి, రైలు మ్యూజియం అన్నిటికీ సోమవారం సెలవు. ఆ రోజును కుతుబ్, తుగ్లకాబాదులకు ఉంచుకోండి. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు. అమెరికాలోనో ఇంకెక్కడో పౌరసత్వం తీసుకున్న బంధువులు వెంట ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తప్పకుండా తెచ్చుకోమని చెప్పండి. అది చూపిస్తే భారతీయుల ధరకే టికెట్టు ఇస్తారు, లేకపోతే విదేశీయుల ధర కట్టవలసి వస్తుంది.