స్పార్క్ మెషిన్‌తో 11 ఏళ్లు: ఏ లోహం ఎలా లొంగింది

బాలానగర్‌లోని ఒక చిన్న టూల్ రూమ్‌లో, అంటే డైలు, అచ్చులు చేసే చోట, 11 ఏళ్లుగా ఒకే స్పార్క్ మెషిన్ నడుపుతున్నాను. పుస్తకాల్లో దీని పేరు ఈడీఎం (ఎలక్ట్రికల్ డిశ్చార్జ్ మెషినింగ్), కరెంటు స్పార్క్‌లతో లోహాన్ని కొద్దికొద్దిగా కరిగించి తొలుస్తుంది. ఇలాంటి మెషిన్ కొనాలని వచ్చేవాళ్లు మొదట అడిగేది, "గట్టి స్టీలుని తొలుస్తుందా?" అని. నేనూ మొదట్లో అదే అడిగాను.

ఎలక్ట్రోడ్‌కీ (స్పార్క్ విసిరే పనిముట్టు) జాబ్‌కీ (తొలవాల్సిన లోహం) మధ్య వెంట్రుక పట్టేంత సందు, దాని నిండా ఆయిల్. కరెంటు పల్సు పడగానే ఆ ఆయిల్‌లో సన్నటి ప్లాస్మా దారి తెరుచుకుంటుంది. వేడి 8,000 నుంచి 12,000 డిగ్రీల వరకూ పోతుంది. మైక్రోసెకన్లలో పల్సు ఆగిపోతుంది, కరిగిన చుక్క ఎగిరిపోతుంది. ఇందులో గట్టితనానికి చోటెక్కడిది? హార్డెనింగ్ చేసిన (వేడి చేసి, చల్లార్చి గట్టిపరిచిన) డీ2 అనే డై స్టీలు, చేయనిది, రెండూ నా మెషిన్ మీద దాదాపు ఒకే వేగంతో నడుస్తాయి.

నన్ను తికమక పెట్టింది రాగి. స్టీలు 1,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు, రాగి 1,085కే కరుగుతుంది. అయినా రాగి జాబ్ పెడితే పని నత్తనడకే. పడిన వేడిని పడినట్టే లోపలికి లాగేసుకుంటుంది మరి. అది ఎలక్ట్రోడ్‌గా పనికొచ్చేదీ అందుకే. అల్యూమినియం మాత్రం చకచకా దిగుతుంది, కాకపోతే ఫినిష్ గరుకుగా వస్తుంది.

కార్బైడ్ (టూల్స్‌కి వాడే అతి గట్టి పదార్థం) అంటే ఇప్పటికీ టెన్షనే. ఎలక్ట్రోడ్‌ని మైనస్‌కి మార్చాలి, ఆన్ టైమ్ (ఒక్కో పల్సు ఉండే సమయం) బాగా తగ్గించాలి. తొందరపడితే పైకి కనబడని సన్నటి పగుళ్లు వస్తాయి. రాగి ఎలక్ట్రోడ్ తొందరగా అరిగిపోతుంది. కాపర్ టంగ్‌స్టన్ అయితే నిలుస్తుంది గానీ ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది.

గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ కరగదు, ఏకంగా ఆవిరే అవుతుంది, అదీ 3,600 డిగ్రీల దగ్గర. రఫింగ్‌కి, అంటే మొదట ఎక్కువ లోహం తీసే ముతక పనికి, దాన్ని మించింది లేదు. కానీ దాన్ని చెక్కిన రోజు ఇంటికెళ్లి ముక్కు చీదితే నలుపే. సన్నటి పనికి నేను రాగినే వాడతాను.

ఒకసారి లోతైన రిబ్ (సన్నటి గాడి) దింపుతూ, త్వరగా అవుతుందని ఆఫ్ టైమ్ (రెండు పల్సుల మధ్య విరామం) తగ్గించి టీకి వెళ్లాను. ఫ్లషింగ్ (మడ్డిని కడిగేసే ఆయిల్ ప్రవాహం) అందక మడ్డి అక్కడే పేరుకుంది. స్పార్క్ కాస్తా ఆర్క్ అయింది, అంటే ఒకే చోట ఆగకుండా మండింది. తిరిగొచ్చేసరికి ఎలక్ట్రోడ్ మాడిపోయింది, డైలో గుంట పడింది. తప్పు మెషిన్‌ది కాదు, నాది. అప్పటి నుంచి లోతు పని ఉంటే టీ మెషిన్ దగ్గరికే తెప్పించుకుంటున్నాను.