మాల్దీవులా, మారిషస్సా? ఎండాకాలం సెలవులకు ఏది మేలు

పిల్లల పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే చాలు, తెలిసినవాళ్లు నన్ను అడిగే మాట ఒకటే: "ఈసారి దీవికి వెళ్దామనుకుంటున్నాం. మాల్దీవులా, మారిషస్సా?" ఫొటోల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే తెల్లటి ఇసుక, అదే నీలం నీళ్లు. నేల సంగతి తెలిస్తే మాత్రం ఇంత తేడా ఉన్న దేశాలు హిందూ మహాసముద్రంలో ఇంకో రెండు దొరకవనిపిస్తుంది. అమ్మానాన్నలతో, పిల్లలతో మే నెలలో వెళ్లేవాళ్లకు నేను మారిషస్సే చెప్తాను.

మొదటి కారణం వాన. కేరళను జూన్ మొదట్లో తాకే నైరుతి రుతుపవనాలు అంతకు ముందే మాల్దీవులను తడిపేస్తాయి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ గాలి, వాన, అలలు ఎక్కువ. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన, 20 డిగ్రీల దగ్గర ఉంది. మనకు ఎండలు మండేటప్పుడు అక్కడ చలికాలం మొదలవుతుంది. చలికాలమంటే స్వెటర్లు కట్టలు కట్టుకుని వెళ్లేంత కాదు, ఎండలో హాయిగా తిరగగలిగేంత. ఆ దేశానికి తుఫానుల భయం ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకే.

రెండో కారణం ఎత్తు. నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. మాల్దీవులు దాదాపు 1,200 చిన్న దీవులు. పగడపు దిబ్బలు ఉంగరంలా చుట్టుకుని, మధ్యలో నీటి మడుగు, ఆ దిబ్బల మీద అక్కడక్కడా ఇసుక తేలినట్టు ఊళ్లు. ఇలాంటి వలయాన్ని ప్రపంచమంతా అటాల్ అంటుంది. ఆ మాట పుట్టింది అక్కడి ధివేహీ భాషలోనే. ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా, భూమధ్యరేఖను దాటి మరీ పరుచుకున్న దేశం ఇది. అయినా నేలంతా కూడబెడితే 300 చదరపు కిలోమీటర్లే, విశాఖ నగరపాలక సంస్థ హద్దుల్లో సగం కూడా రాదు. ఆ నేల సముద్రం మీద సగటున మీటరున్నర ఎత్తు, అంటే పన్నెండేళ్ల పిల్లాడంత. సహజంగా ఏర్పడిన నేలలో అన్నిటికంటే ఎత్తైన చోటు కూడా రెండున్నర మీటర్లు దాటదు. 2004 సునామీలో ఎక్కి నిలబడడానికి ఒక మిట్ట లేదు. కందొల్హుదూ అనే దీవి జనం ఊరు మొత్తం వదిలేసి వేరే దీవిలో కాపురాలు పెట్టుకోవాల్సి వచ్చింది.

మారిషస్‌లో విమానం దిగుతుండగానే కొండలు కనిపిస్తాయి. అన్నిటికంటే ఎత్తైన శిఖరం 828 మీటర్లు. రాజధాని పోర్ట్ లూయిస్ వెనక పీటర్ బోత్ కొండ నెత్తిన మనిషి తలలాంటి బండరాయి ఉంటుంది, పిల్లలు దాన్ని మరిచిపోలేరు. క్యూర్‌పీప్ ఊళ్లో ఆరిపోయిన అగ్నిపర్వతపు నోటి అంచున నిలబడి లోపలికి చూడొచ్చు. శివరాత్రికి లక్షలమంది నడిచివెళ్లే గంగా తలావ్ కూడా అలాంటి బిలంలో నిండిన సరస్సే.

ఇక్కడ భూమి కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. దక్కన్ పీఠభూమి కింద దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట ఒక పెద్ద కుంపటి రగిలింది. ఆదిలాబాద్ నల్లరేగడి అడుగున ఉన్న రాయి ఆ లావాయే. రాజమండ్రి చుట్టుపక్కల క్వారీల్లో కొట్టే నల్లరాయీ ఆ కాలపు లావాయే. కుంపటి ఉన్నచోటే ఉంది, పైన భూఫలకం ఉత్తరానికి జరిగిపోయింది. ఆ దారిలోనే లక్షదీవులు, మాల్దీవుల పునాదులు, చివరికి దాదాపు 80 లక్షల ఏళ్ల కిందట మారిషస్ పైకి లేచాయి. ఇప్పుడు ఆ కుంపటి పక్కనున్న రీయూనియన్ దీవిలో మండుతోంది. మాల్దీవుల అగ్నిపర్వతాలు ముసలివై ఎప్పుడో సముద్రంలోకి కుంగిపోయాయి. మిగిలింది వాటి నెత్తిన పెరిగిన పగడమే. మారిషస్ వయసులో చిన్నది, ఇంకా నిలబడి ఉంది. మన రాయికి చెల్లెలి వరస అనుకుంటాను నేను.

ఆ రాళ్లను ఏరింది కూడా మనవాళ్లే. చెరకు తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి, కూలీల చేతులు కుప్పపోసినవి. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ దేశంలో దిగారు. వాళ్లు ఓడ దిగిన రేవు, పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్. దాని మెట్లు పదహారే. అవి ఎక్కేటప్పుడు మాట రాదు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు తెలుగువాళ్లను అక్కడ కోరంగీలు అన్నారు. ఇప్పుడు ఉగాది ఆ దేశానికి ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ ఇంకా నడుస్తోంది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే.

తిరగడానికి కూడా మారిషస్సే సులువు. పొడవు 65 కిలోమీటర్ల లోపు, కారు మాట్లాడుకుంటే ఉదయం కొండ, సాయంత్రం సముద్రం. శాకాహారులకు రోడ్డు పక్క వేడివేడి దాల్ పూరీ దొరుకుతుంది. మాల్దీవుల్లో స్థానిక వంటల్లో చాలావాటికి చేప లేకుండా కుదరదు. పూజకు విగ్రహం వెంట తీసుకెళ్లే అలవాటుంటే ఇంట్లోనే ఉంచండి, మాల్దీవుల కస్టమ్స్ ఒప్పుకోదు. పైగా ఒక దీవి నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే బోటో, నీటి మీద వాలే చిన్న విమానమో ఎక్కాలి. ఆ విమానాలు పగటిపూటే ఎగురుతాయి. సాయంత్రం రాజధాని మాలేలో దిగితే ఆ రాత్రి అక్కడే గది వెతుక్కోవాలి. గది అద్దెతోపాటు ఈ ప్రయాణ ఖర్చు కూడా ముందే అడగండి.

మరి మాల్దీవులు ఎవరికి? డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య సెలవు దొరికినవాళ్లకు, నీటి అడుగున పగడాలూ చేపలూ చూడాలని మనసున్నవాళ్లకు, నాలుగు రోజులు ఎక్కడికీ తిరగకుండా ఉండగల కొత్త జంటకు. అలా వెళ్తే ఒక రాత్రయినా రిసార్టులో కాకుండా జనం ఉండే దీవిలో గెస్ట్‌హౌస్‌లో ఉండండి. కుళాయిలో వచ్చే నీళ్లు చాలాచోట్ల సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసినవే. 2014 డిసెంబరులో మాలేలో ఉప్పు తీసే ప్లాంటులో మంటలు లేచి నీళ్లు ఆగిపోతే మన దేశం విమానాల్లో, ఓడల్లో తాగునీళ్లు పంపింది. ఊరి ఒక చివర నుంచి ఇంకో చివరకు పావుగంటలో నడిచేసి, రెండు వైపులా సముద్రమే కనిపించే వీధిలో ఆగితే, మీటరున్నర అంటే ఎంతో తెలుస్తుంది.