పిల్లలతో క్రిస్మస్‌కు ఏ సౌధం మేలు: చాట్స్‌వర్తా, బ్లెనమా, వాడ్స్‌డనా?

అక్టోబరు వచ్చిందంటే ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఏటా ఒకే ప్రశ్న వస్తుంది: క్రిస్మస్ అలంకరణ చూపించడానికి పిల్లలను ఏ పాతకాలపు సౌధానికి తీసుకువెళ్లాలి? మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, అమ్మాయికి నాలుగేళ్లు. వారి కోసం ఈసారి మేము వాడ్స్‌డన్‌ను ఎంచుకున్నాము. ఆ నిర్ణయానికి కారణాలేమిటో, మిగిలినవి ఎవరికి అనువుగా ఉంటాయో ఇక్కడ రాస్తున్నాను. టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలనీ, లోపలికి వెళ్లే సమయాన్ని కూడా అప్పుడే ఎంచుకోవాలనీ మీకు తెలిసే ఉంటుంది కనుక ఆ వివరాల జోలికి పోవడం లేదు.

డెర్బీషైర్‌లో డెర్వెంట్ నది పక్కన ఉన్న చాట్స్‌వర్త్ 16వ శతాబ్దం నుంచి కావెండిష్ వంశానిది. డెవన్‌షైర్ డ్యూకుల నివాసమైన ఆ సౌధంలో ఏటా ఒక ఇతివృత్తాన్ని తీసుకుని, దానికి తగినట్టు ఒక్కో గదినీ అలంకరిస్తారు. గోడలూ పైకప్పూ చిత్రాలతో నిండిన పెయింటెడ్ హాల్‌లో నిలబెట్టిన క్రిస్మస్ చెట్టును చూసినప్పుడు పెద్దవాళ్లకు కూడా మాట రాదు. కేవలం అలంకరణనే లెక్కలోకి తీసుకుంటే చాట్స్‌వర్త్‌కు సాటి లేదని నిస్సంకోచంగా చెబుతాను. పైగా అక్కడి ఫార్మ్‌యార్డ్‌లో మేకలూ గొర్రెలూ ఉంటాయి, పక్కనే ఎక్కి దూకడానికి ఆటస్థలం ఉంటుంది. గదుల్లో "ముట్టుకోవద్దు" అన్న మాట విని విని విసిగిపోయిన పిల్లలకు ఆ ఆరుబయలు ఎంతో అవసరం. షెఫీల్డ్, డెర్బీ, మాంచెస్టర్ చుట్టుపక్కల ఉండేవారు ఇంకేమీ ఆలోచించనక్కరలేదు. లండన్ నుంచి మాత్రం అది సుమారు 150 మైళ్లు. చిన్నపిల్లలతో ఒకే రోజులో వెళ్లి రావడం వారికీ, కారు నడిపేవారికీ శ్రమే.

ఆక్స్‌ఫర్డ్ దగ్గరలో వుడ్‌స్టాక్ ఊరిని ఆనుకుని ఉన్న బ్లెనమ్ ప్యాలెస్ 18వ శతాబ్దపు తొలినాళ్లలో మొదటి మార్ల్‌బరో డ్యూక్ కోసం కట్టింది. విన్‌స్టన్ చర్చిల్ 1874లో అక్కడే పుట్టాడు. 1987లో దానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. క్రిస్మస్ రోజుల్లో లోపలి గదులను ఏదో ఒక జానపద కథకు తగినట్టు తీర్చిదిద్దుతారు, బయట తోటల్లో దీపాల బాట ఏర్పాటు చేస్తారు. దీపాల బాట అందంగానే ఉంటుంది, కానీ అది మైలు పైచిలుకు నడక. చీకట్లో, చలిలో, తడి నేల మీద నాలుగేళ్ల పిల్ల సగం దూరం నడిచి చేతులు చాపితే మిగతా సగం ఎత్తుకుని మోయవలసింది తల్లిదండ్రులే. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలున్నవారు నిశ్చింతగా వెళ్లవచ్చు.

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది సూర్యాస్తమయం. డిసెంబరు నడిమిలో దక్షిణ ఇంగ్లండులో నాలుగు గంటలు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్నం పన్నెండింటికి లోపలికి వెళ్లిన కుటుంబం రెండింటికల్లా బయటికి వచ్చి, దీపాలు వెలిగేదాకా చలిలో రెండు గంటలు ఎదురుచూడాలి. ఈలోగా పిల్లల ఓపిక అయిపోతుంది. ఐదింటికి వెళ్లినవారికి బయటి పరిసరాలేవీ కనబడవు, చిన్నపిల్లలు నిద్రకు తూగుతుంటారు. వెలుగు ఉండగా లోపలికి వెళ్లి, గదులన్నీ చూసి, బయటికి అడుగు పెట్టేసరికి చీకటి పడి దీపాలు వెలిగి ఉండాలి. గదులు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా, ఇంటికీ దీపాలకూ మధ్య దూరం ఎంత తక్కువన్నదే అప్పుడు లెక్కలోకి వస్తుంది.

ఈ లెక్కకు వాడ్స్‌డన్ మానర్ సరిగ్గా సరిపోతుంది. బకింగ్‌హమ్‌షైర్‌లో ఏల్స్‌బరీ దగ్గర కొండ మీద ఉన్న ఈ సౌధాన్ని 19వ శతాబ్దం చివర్లో బారన్ ఫెర్డినాండ్ డి రాత్స్‌చైల్డ్ ఫ్రాన్సులోని లువార్ లోయ కోటల తీరులో కట్టించాడు. ఇంట్లోంచి బయటికి రాగానే దీపాల వెలుగులో ఆ బురుజులు ఎదురుగా కనిపిస్తాయి, వాటి కోసం దూరం నడవనక్కరలేదు. లోపల పిల్లలకు తప్పక చూపించవలసింది 1774 నాటి యాంత్రిక ఏనుగు. కీ ఇస్తే సంగీతం వినిపిస్తూ తొండమూ తోకా ఆడిస్తుంది. 1889లో ఇక్కడికి వచ్చిన పర్షియా రాజు (షా) దాన్ని మళ్లీ మళ్లీ ఆడించమని అడిగాడట. పాతదైపోయినందువల్ల ఇప్పుడు రోజూ ఆడించరు, ఆ మాట ముందే చెబితే పిల్లలు నిరాశపడరు. మరుసటి ఏడాది విక్టోరియా రాణి వచ్చినప్పుడు అప్పటికి కొత్త వింత అయిన విద్యుద్దీపాలను పదే పదే వెలిగించి ఆర్పించి చూసిందని కూడా చెప్పుకుంటారు. ఈ రెండు కథలూ కారులో చెబుతూ వెళితే పిల్లలు ఆ గదుల్లో వెతుక్కోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, పింగాణీ పాత్రల వరుసలు వారికి విసుగు పుట్టించవు.

యార్క్ దగ్గరి క్యాజిల్ హోవర్డ్‌లో గోపురం కింద నిలిపే ఎత్తైన చెట్టు పేరుపొందినదే. ఆ చుట్టుపక్కల ఉన్నవారు వెళ్లవచ్చు.

పాతకాలపు సౌధాలను, తోటలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సభ్యత్వ కార్డు మనవాళ్లలో చాలామంది దగ్గర ఉంటుంది. 1957లో ట్రస్టుకు దక్కిన వాడ్స్‌డన్‌లో అది ఉపయోగపడుతుంది, చాట్స్‌వర్త్‌లోనూ బ్లెనమ్‌లోనూ చెల్లదు. అయితే కార్డు ఉన్నా క్రిస్మస్ రోజుల్లో ముందుగా బుక్ చేసుకోవాలి. ఇంకొక మాట: క్రైస్తవ కుటుంబాలవారు ఏసు పుట్టుక కథనూ కీర్తనలనూ ఆశించి ఈ సౌధాలకు వెళ్లకూడదు. ఇక్కడి అలంకరణ చాలావరకు కథలకూ చరిత్రకూ చెందినది, ఆరాధన కోసం మన తెలుగు సంఘానికో, ఊరి చర్చికో వెళ్లడమే సరైనది.

వాడ్స్‌డన్‌కు వెళ్లేవారు రెండు, రెండున్నర మధ్య సమయం ఎంచుకోండి. కారు నిలిపే చోటు నుంచి ఇంటి దాకా బస్సు నడుపుతారు, దాని కోసం వేచి ఉండే సమయాన్ని కూడా లెక్కలో వేసుకుని పులిహోరో, పెరుగన్నమో పిల్లలకు కారులోనే పెట్టేయండి. తిరుగు బస్సు కోసం నిలబడేటప్పుడే చలి ఎక్కువగా తెలుస్తుంది కనుక చేతి తొడుగులు, టోపీలు కారులో వదిలేయకుండా వెంట ఉంచుకోండి.