వానలో కొండెక్కాలంటే గుత్తి కోటా, అహోబిలమా?

శనివారం సాయంత్రం మబ్బు పట్టిందంటే అనంతపురం కుర్రాళ్ల మధ్య ఇదే పంచాయితీ. "గుత్తికి పోదాం మామా, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం" అంటాడొకడు. ఇంకొకడికి వాన పడితే నల్లమలే, అహోబిలం పైనున్న ఉగ్రస్తంభం శిఖరం ఎక్కాల్సిందే. మామూలు రోజుల్లో ఈ రెండింటికీ తేడా అలుపు దగ్గరే. వానలో మాత్రం గుత్తిలో పిడుగుతో పేచీ, అహోబిలంలో వాగుతో.

గుత్తిది బోడి కొండ. కోట వాకిళ్ల గుండా పైదాకా బాట ఉంది, వాగు దాటే పని లేదు. ఎండలో మాడ్చేసే బండలు ముసురులో చల్లగా ఉంటాయి కాబట్టి ఎక్కడం హాయే. దిగేటప్పుడే చూసుకోవాలి. నీళ్లు జారిన చోట బండ మీద నల్లటి చారలు కడతాయి. ఎండినప్పుడు గరుకుగా ఉండే ఆ పాచి తడిస్తే సబ్బు రాసినట్టు జారుతుంది. చార తప్పించి తెల్లగా కనబడే రాయి మీదే అడుగెయ్యాలి. 1776లో హైదర్ అలీ ముట్టడిలో నీళ్లు అయిపోయి, గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారి రావు అప్పగించిన కోట ఇది. అక్కడ వాన ఎక్కువైందని విసుక్కోవడం కొంచెం విడ్డూరమే.

ఉరుములు మొదలైతే మాత్రం ఫొటోలు ఆపాలి. మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల లోపే పడుతున్నట్టు. కొండ అంచున మురారి రావు గద్దె అనే చిన్న మంటపం కింద దూరితే ఒళ్లు తడవదేమో గానీ పిడుగు నుంచి అది కాపాడదు. వెంటనే దిగిపోవడమే.

అహోబిలం అందం వేరు. ఎగువ అహోబిలం గుడి దాటాక భవనాశిని వాగు వెంబడే నడక. మంచి వానలు పడితే జ్వాలా నరసింహుడి గుడి దగ్గర జలపాతం దారి మీదే పడుతుంది, దాని కిందుగానే పోవాలి. అక్కడిదాకా మెట్లున్నాయి, పెద్దవాళ్లు డోలీలో కూడా వస్తారు. ఉగ్రస్తంభం దారి పట్టాక మెట్లుండవు. తడి బండలు, వేర్లు, బురద.

అసలు చిక్కు వాగుతో. మన తల మీద తుంపరే పడుతుంటుంది, పై కొండల్లో కుండపోత. పొద్దున చీలమండ తడవకుండా దాటిన చోటే తిరుగు ప్రయాణంలో నడుం లోతు రావచ్చు. నీళ్లు ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే పైన వరద బయల్దేరినట్టే. చేతులు పట్టుకుని దాటేద్దామనే వీరుడు ప్రతి గుంపులో ఒకడుంటాడు, వాడి మాట వినొద్దు. ఒకడి కాలు జారితే అందరూ పోతారు. చిన్న వాగు, వాన తగ్గితే కొన్ని గంటల్లో దిగుతుంది. గట్టున కూర్చుని చూడటమే.

నన్నడిగితే జూలై, ఆగస్టు ముసురుకి అహోబిలమే, అదీ జ్వాల దాకానే. ఉగ్రస్తంభం ఆశ ఉంటే ముందు రెండు రోజులు వాన తెరిపిచ్చి ఉండాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో పడే వానలకి గుత్తి మేలు, తెల్లవారుజామున ఎక్కి పదకొండుకల్లా దిగి ఉగ్గాని బజ్జి తినేటట్టయితే. నవంబరులో వాయుగుండం అన్నారా, రెండూ వద్దు. 2021 నవంబరు 19న కడప వైపు చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది అలాంటి వానలకే.

ఈ మధ్యలో గండికోట అంటాడు ఇంకొకడు. అక్కడ ఎక్కడానికేముంది, పెన్న లోయ అంచుకి దగ్గర దాకా బండి మీదే పోవచ్చు. తడిసిన ఆ అంచు బండల మీద సెల్ఫీ కోసం నిలబడేవాళ్లు వెంట ఉంటే, అదీ మానుకోండి.